ఎంబీబీఎస్ విద్యార్థులకు ప్లాస్టిక్ సర్జరీ: ఉన్న కొద్ది గంటల్లో ఏం నేర్పాలి?

ప్రశ్న: అసిస్టెంట్ ప్రొఫెసర్, ప్లాస్టిక్ సర్జరీ

అందరికీ నమస్కారం. నేను ఎం.సీహెచ్. (సూపర్ స్పెషాలిటీ డిగ్రీ) పూర్తిచేసి ఇటీవలే ఒక జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ వైద్య కళాశాలలో చేరాను. మా విభాగం చిన్నది. ఒక బర్న్స్ వార్డు, ఒక డ్రెస్సింగ్ గది ఉన్నాయి. ఆపరేషన్ థియేటరును వేరే విభాగంతో పంచుకుంటాము. జనరల్ సర్జరీ పోస్టింగులో ఉన్న ఎంబీబీఎస్ విద్యార్థులను చిన్న బృందాలుగా మా దగ్గరికి పంపిస్తున్నారు. ఒక్కో బృందానికి నాలుగైదు పూటలకు మించి సమయం దొరకదు. ఆ కాస్త వ్యవధిలో వారికి ఏం నేర్పాలి, ఏం వదిలేయాలి అన్నదే నా ప్రశ్న.

2019లో చేరిన బ్యాచ్ నుంచి అమలులోకి వచ్చిన సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళికలో ప్లాస్టిక్ సర్జరీకి విడిగా పేపరు లేదు. కాలిన గాయాలు, గాయం మానే ప్రక్రియ, గ్రహణం మొర్రి, అంగిలి చీలిక వంటి అంశాలన్నీ జనరల్ సర్జరీలోనే కలిసి ఉన్నాయి. అందువల్ల పరీక్షకు కావలసింది సర్జరీ యూనిట్లోనే దొరుకుతుందని, మా దగ్గర చూసేదంతా సూపర్ స్పెషాలిటీ కాబట్టి తనకు సంబంధం లేదని విద్యార్థి ముందుగానే తీర్మానించుకుని వస్తున్నాడు. ప్లాస్టిక్ సర్జన్ ఏం చేస్తారని మొదటి రోజున అడిగితే ముక్కు సరిచేయడం, జుట్టు నాటడం, కొవ్వు తీయడం అన్న జవాబులే ఎక్కువగా వస్తాయి. అదే సమయంలో పక్క గదిలో చెరకు రసం మిషన్‌లో చెయ్యి నలిగిపోయిన మనిషి డ్రెస్సింగ్ కోసం కూర్చుని ఉంటాడు.

నాకు రెండు దారులు కనిపిస్తున్నాయి. పాఠ్యపుస్తకంలోని వరుసలోనే గ్రాఫ్టులు (పూర్తిగా వేరుచేసి మరోచోట అతికించే చర్మం), ఫ్లాపులు (రక్తనాళాలతో సహా జరిపి అమర్చే చర్మం), మొర్రి ఆపరేషన్ పద్ధతులు, చేతి గాయాలు అన్నీ స్లైడ్లు పెట్టి తలా కొంచెం చెప్పేయడం ఒకటి. క్యాజువాలిటీలో అవసరమయ్యే కొన్ని విషయాలను మాత్రమే తీసుకుని, విద్యార్థిని రోగి పక్కన నిలబెట్టి నేర్పడం రెండోది. నా మనసు రెండో దారివైపే మొగ్గుతోంది. అయితే అలా చేస్తే మా శాఖ ఎంత విస్తృతమైనదో తెలియకుండానే విద్యార్థులు వెళ్లిపోతారని, రేపు ఈ శాఖను ఎంచుకోగలవారు కూడా దూరమవుతారని సహోద్యోగి ఒకరు హెచ్చరించారు. బోధనలో అనుభవమున్న పెద్దలు, పీహెచ్‌సీల్లో పనిచేస్తున్న వైద్యులు, ఇటీవలే చదువు ముగించినవారు దయచేసి అభిప్రాయం రాయండి.

జవాబు 1: విశ్రాంత ప్రొఫెసర్, ప్లాస్టిక్ సర్జరీ

డాక్టర్ గారూ, మీ మనసు మొగ్గిన దారే సరైనది. రోగి ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి చేరేలోపు జరగవలసిన పనిని నేర్పడమే ఎంబీబీఎస్ స్థాయిలో మన బాధ్యత. కాలిన మనిషికి మొదటి రోజున ఎంత ద్రవం ఎక్కించారు, తెగిన వేలిని ఎలా తెచ్చారు, మణికట్టు దగ్గర రక్తస్రావాన్ని ఎవరు ఎలా ఆపారు అన్న వాటిమీదనే ఆ తర్వాత మనం చేయగలిగినదంతా ఆధారపడి ఉంటుంది. ఆ నిర్ణయాలు తీసుకునేది రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉండే ఎంబీబీఎస్ డాక్టరే. అతనికి రొటేషన్ ఫ్లాప్ గీతలు తెలియకపోయినా ఎవరికీ నష్టం లేదు.

ఒక పూట పూర్తిగా కాలిన గాయాలకే ఇవ్వండి. ఒంట్లో ఎంత శాతం కాలిందో తొమ్మిదేసి శాతం భాగాలుగా లెక్కకట్టే ‘రూల్ ఆఫ్ నైన్స్’ బొమ్మ అందరికీ నోటికి వచ్చు. మంచం దగ్గర నిలబెట్టి శాతం చెప్పమంటే మాత్రం ఒకరు 20 అంటారు, మరొకరు 45 అంటారు. కేవలం ఎర్రబడిన చర్మాన్ని కూడా కలిపేయడం వల్లనే ఇంత తేడా వస్తుంది. అలాంటి భాగాన్ని లెక్కలోకి తీసుకోకూడదని, రోగి అరచేయి వేళ్లతో సహా సుమారు ఒక శాతమని, ఏడాదిలోపు బిడ్డకు తల ఒక్కటే 18 శాతమని రోగిని చూపిస్తూ లెక్క కట్టించాలి.

ఆ తర్వాత కాగితం చేతికిచ్చి ద్రవాల లెక్క చేయించండి. 60 కిలోల మనిషికి 30 శాతం కాలిందనుకుందాం. పార్క్‌లాండ్ సూత్రం ప్రకారం కిలోకు, శాతానికి 4 మి.లీ. చొప్పున 24 గంటలకు 7,200 మి.లీ. రింగర్ లాక్టేట్ వస్తుంది. అందులో సగం, అంటే 3,600, మొదటి 8 గంటల్లో వెళ్లాలి. ఇంతవరకు అందరూ చెబుతారు. ఆ రోగి కాలిన 3 గంటల తర్వాత ఆసుపత్రికి చేరాడు, ఇప్పుడు గంటకు ఎంత పెడతారు అని అడగండి. చాలామంది 3,600ను 8తో భాగిస్తారు. గడియారం కాలిన క్షణం నుంచే మొదలవుతుంది కాబట్టి మిగిలినవి 5 గంటలే. గంటకు 720 పోవాలి. గాయపడినవారి అత్యవసర చికిత్స నేర్పే ఏటీఎల్ఎస్ పుస్తకం పదో సంచిక పెద్దలకు 2 మి.లీ.తోనే మొదలుపెట్టమంటుంది, ఆ లెక్కన 360 అవుతుంది. ఏ అంకెతో మొదలుపెట్టినా, ఆపై పెంచాలా తగ్గించాలా అన్నది మూత్రం చెబుతుందని, పెద్దలకు గంటకు కిలోకు 0.5 మి.లీ., పిల్లలకు 1 మి.లీ. వస్తున్నదా అని ప్రతి గంటా చూడాలని అక్కడే చార్టు తెరిచి చూపించండి. సూత్రం జ్ఞాపకం ఉండటం వేరు, దానితో రోగిని నడపడం వేరు. ఆ రెండింటి మధ్య దూరం ఈ ఒక్క ప్రశ్నతో విద్యార్థికి తెలిసిపోతుంది.

వార్డులోనే మరొకటి చూపించండి. మెడ కాలిన రోగికి తలగడ పెట్టకూడదు. పెడితే గడ్డం ఛాతీవైపు వంగి, గాయం మానేటప్పుడు ముడుచుకుపోయి, తల పైకెత్తలేని స్థితి వస్తుంది. చంక కాలితే చెయ్యి ఎడంగా ఉంచాలి. చేయి కాలితే మణికట్టు 30 డిగ్రీలు పైకి, వేళ్ల మొదలు కీళ్లు 70 నుంచి 90 డిగ్రీలు వంచి, మిగిలిన కీళ్లు నిటారుగా ఉండేలా స్ప్లింట్ కట్టాలి. వీటికి పరికరాలేవీ అక్కర్లేదు, సూపర్ స్పెషలిస్టు అక్కర్లేదు. మొదటి వారంలో ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల ఏళ్ల తరబడి ఆపరేషన్లు చేయించుకునే రోగులు ప్రతి బర్న్స్ యూనిట్లోనూ ఉంటారు. ఆ ముడుచుకుపోయిన మెడను, కొత్తగా కాలిన మెడను ఒకే పూట పక్కపక్కన చూపించగలిగితే తలగడ సంగతి విద్యార్థి మరచిపోడు.

గ్రాఫ్టుకు, ఫ్లాపుకు తేడా మాత్రం తప్పక చెప్పండి. నేను చరిత్ర సహాయంతో చెప్పేవాడిని. టిప్పు సుల్తాన్ సైనికులు ముక్కు కోసిన ఒక బండి తోలే మనిషికి పూనాలో నుదుటి చర్మంతో కొత్త ముక్కు కట్టిన తీరును 1794లో లండన్ పత్రిక ఒకటి బొమ్మతో సహా ప్రచురించింది. ఆ పద్ధతినే అనుసరించి కార్ప్యూ అనే సర్జన్ 1814లో ఇంగ్లండులో ఆపరేషన్ చేసి, 1816లో దాని గురించి రాశాడు. నుదుటి చర్మాన్ని పూర్తిగా కోసి తీసి అతికించకుండా, కనుబొమల మధ్య ఒక కాడను ఎందుకు వదిలారని విద్యార్థులను అడగండి. ఆ కాడలో రక్తనాళాలు ఉన్నాయన్న జవాబు వాళ్ల నోటి నుంచే వస్తుంది. గ్రాఫ్టుకు అలాంటి కాడ ఉండదు. మొదటి రెండు రోజులు కింది గాయం నుంచి ఊరే ద్రవంతోనే బతకాలి. అందుకే కింద రక్తం గడ్డకట్టినా, చీము ఉన్నా, చర్మం జరిగినా అది అతకదు. గ్రాఫ్టు చేసిన చోట కదలిక ఎందుకు ఉండకూడదో ఇక వేరే చెప్పనక్కర్లేదు.

పుండ్ల విషయంలో ఒక్క మాట. స్పర్శ లేని పాదం మీద పదేపదే పడే ఒత్తిడే పుండుకు కారణమని వెల్లూరులో కుష్ఠు రోగులకు చికిత్స చేస్తూ పాల్ బ్రాండ్ గట్టిగా చెప్పారు. మధుమేహ రోగి పాదానికీ, పడక పుండుకూ అదే వర్తిస్తుంది. ఒత్తిడి తీసేయకుండా ఎన్ని రకాల ఆయింట్‌మెంట్లు మార్చినా పుండు మానదన్న జ్ఞానం ఏ శాఖలో స్థిరపడిన వైద్యుడికైనా అవసరమే.

జవాబు 2: మెడికల్ ఆఫీసర్, పీహెచ్‌సీ

నమస్కారం సార్. మా కేంద్రానికి వచ్చేవేమిటో రాస్తాను. మీ పాఠం ఎలా ఉండాలో దాన్నిబట్టి మీరే నిర్ణయించుకోవచ్చు.

కాలిన గాయంతో వచ్చేవారిలో చాలామంది దాని మీద పసుపో, టూత్‌పేస్టో, సిరానో పూసుకుని వస్తారు. కుళాయి నీటి ధార కింద 20 నిమిషాలు ఉంచాలని, కాలిన 3 గంటల లోపు వస్తే అప్పటికీ ప్రయోజనం ఉంటుందని, పసిపిల్లల విషయంలో ఒళ్లు మరీ చల్లబడకుండా చూసుకోవాలని తెలిసిన కొత్త డాక్టర్లు తక్కువగా కనిపిస్తున్నారు. మరొక విషయం ఏ స్లైడులోనూ ఉండదు: గాజులు, ఉంగరాలు, మెట్టెలు, మొలతాడు వాపు రాకముందే తీయించాలి. ఇంటివాళ్లు మెట్టెలు తీయడానికి ఒప్పుకోకపోతే వేలు పోయే ప్రమాదం ఉందని నచ్చచెప్పడం కూడా వైద్యంలో భాగమే.

తెగిన వేలిని నేరుగా ఐసులో వేసి తెస్తారు, లేదా స్పిరిట్ సీసాలో వేసి తెస్తారు. రెండు విధాలా కణజాలం పాడవుతుంది. సెలైన్‌తో తడిపి పిండిన గాజుగుడ్డలో చుట్టి, నీరు చొరబడని పాలిథిన్ సంచిలో పెట్టి మూతి కట్టి, ఆ సంచిని ఐసు కలిపిన నీటిలో ఉంచాలి. ఇలా చల్లగా ఉంచిన వేలికి 24 గంటల వరకు కూడా అవకాశం ఉంటుంది; కండరం ఎక్కువగా ఉండే పైభాగంలో తెగిన చేతిని చల్లబరచకపోతే 6 గంటలు దాటాక ఆశ సన్నగిల్లుతుంది. ఫోన్లో ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పగలిగేలా ప్రతి విద్యార్థి చేత ఒకసారి చేయించండి. ఒక కాకరకాయ ముక్క, రెండు సంచులు, కాస్త ఐసు ఉంటే చాలు.

మా ప్రాంతంలో పంపుసెట్టు స్టార్టర్ల దగ్గర కరెంటు షాక్ కొట్టిన రైతులు వస్తుంటారు. వేలి కొన మీద చిన్న నల్లటి మచ్చ ఉంటుంది, మనిషి మాట్లాడుతూ ఉంటాడు, అందుచేత కట్టు కట్టి పంపేయాలనిపిస్తుంది. లోపల కండరాలు ఎంత చనిపోయాయో ఆ మచ్చను బట్టి తెలియదు. ఈసీజీ తీయాలి, మూత్రం రంగు చూడాలి. ముదురు గోధుమ రంగులో వస్తుంటే పెద్దలకు గంటకు 75 నుంచి 100 మి.లీ. మూత్రం వచ్చేలా ద్రవాలు పెంచి వెంటనే పైకి పంపాలి. ముంజేయి బిగుసుకుపోయి, వేళ్లను మెల్లగా చాపినా రోగి అరుస్తున్నాడంటే ఒక్క గంట కూడా వృథా చేయకూడదు.

గ్రహణం మొర్రి గురించి ప్రత్యేకంగా అడుగుతున్నాను. ఆపరేషన్ పద్ధతుల పేర్లు నాకు ఒక్కసారి కూడా ఉపయోగపడలేదు. బిడ్డ పుట్టిన రోజున తల్లికి ఏం చెప్పాలన్నది మాత్రం ప్రతిసారీ అవసరమవుతుంది. గ్రహణం రోజున ఏదో కోసిందనో, బయటికి వచ్చిందనో అత్తింటివారు ఆమెను నిందిస్తుంటారు. అందులో ఆమె తప్పేమీ లేదని డాక్టరు అందరి ముందూ చెప్పాలి. ఆ తర్వాత పాలు పట్టే సంగతి. అంగిలి చీలిన బిడ్డ రొమ్మును చీకలేదు, ఎందుకంటే నోటిలో పీడనం నిలవదు. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి, పిండిన తల్లిపాలను ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా చెంపవైపు పోస్తూ, మధ్య మధ్య భుజం మీద వేసుకుని తేన్పు తెప్పించాలి. బరువు పెరగకపోతే ఆపరేషన్ వాయిదా పడుతుంది. పెదవికి 10 వారాల వయసు, 10 పౌండ్ల బరువు, 10 గ్రాముల హిమోగ్లోబిన్ అన్న పాత నియమం చెప్పేదీ ఇదే. అంగిలి ఆపరేషన్ మాటలు రాకముందే, సుమారు 9 నుంచి 18 నెలల మధ్య జరగాలని, ఆరోగ్యశ్రీ కింద ఖర్చు లేకుండా చేయించుకోవచ్చని తెలియక ఆగిపోయిన కుటుంబాలను చూస్తే బాధ కలుగుతుంది. దయచేసి విద్యార్థులకు ఉగ్గుగిన్నె పట్టుకోవడం నేర్పండి.

జవాబు 3: హౌస్ సర్జన్

నమస్తే సార్. విద్యార్థిగా ఈ పోస్టింగును ఇటీవలే పూర్తిచేసినవాడిగా రాస్తున్నాను. ఆపరేషన్ థియేటరులో నలుగురి వెనక నిలబడి సీనియర్ల భుజాల మీదుగా తొంగి చూసిన గంటల వల్ల మాకు పెద్దగా ఒరిగింది లేదు. డ్రెస్సింగ్ గదిలో చేతి గాయాన్ని పరీక్షించడం నేర్పిన ఒక్క పూట మాత్రం ఇప్పటికీ క్యాజువాలిటీలో రోజూ అక్కరకొస్తోంది.

ఆ రోజు మేడమ్ మా చేత చేయించిన క్రమం ఇది. గాయాన్ని తెరవకముందే చేతిని బల్ల మీద పెట్టించి, ఏ వేలు మిగిలినవాటిలా వంగి లేదో చూడమన్నారు. వేలి మధ్య కీలును కదలకుండా పట్టుకుని కొనను వంచమంటే లోతైన టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) సంగతి, మిగతా వేళ్లను నిటారుగా పట్టి ఉంచి ఆ ఒక్కదాన్ని వంచమంటే పై టెండన్ సంగతి తెలుస్తాయి. ఆ తర్వాత వేలికి రెండు వైపులా స్పర్శ. ఇదంతా లిగ్నోకెయిన్ వేయకముందే జరగాలి. మత్తు ఇచ్చాక నరం తెగిందో లేదో చెప్పేవారు ఉండరు. మణికట్టు దగ్గర రక్తం చిమ్ముతుంటే, రక్తనాళం కంటికి కనిపించకుండానే ఆర్టరీ ఫోర్సెప్స్ (రక్తనాళాన్ని బిగించే పట్టకారు) వేయకూడదని, ధమని పక్కనే నరం ఉంటుందని, గట్టిగా ఒత్తిపట్టి చేయి పైకెత్తి ఉంచితే చాలావరకు ఆగుతుందని కూడా అప్పుడే చెప్పారు.

కుట్లకు సిలికాన్ ప్యాడ్ల కోసం ఎదురుచూడనక్కర్లేదు. మాంసం దుకాణంలో దొరికే మేక కాళ్ల మీద చర్మం, టెండన్ రెండూ కనిపిస్తాయి. ముఖం మీది గాయాలకు మూడు విషయాలు చెప్పి చేయిస్తే బాగుంటుంది: రోడ్డు ప్రమాదంలో దిగిన మట్టిని, తారును మొదటి రోజునే బ్రష్‌తో తీసేయాలి, లేకపోతే చర్మంలో నల్లగా ఉండిపోతుంది, పెదవి తెగితే మొదటి కుట్టు ఎర్రటి అంచు రెండు వైపులా కలిసేలా వేయాలి, కనుబొమ్మను ఎప్పుడూ గొరగకూడదు. లిగ్నోకెయిన్ లెక్క కూడా చేయించండి సార్. 2 శాతం మందులో మి.లీ.కి 20 మి.గ్రా. ఉంటుంది, అడ్రినలిన్ లేకుండా కిలోకు 3 మి.గ్రా. దాటకూడదంటే 60 కిలోల మనిషికి 9 మి.లీ. మాత్రమే. పొడవాటి గాయానికి ఆ హద్దు ఎంత తొందరగా వచ్చేస్తుందో చేస్తేనే తెలుస్తుంది.

ఇంకొక విన్నపం. ఈ వార్డులో ఫోన్లతో ఫొటోలు తీయడం ఎక్కువ. రోగి రాతపూర్వక అనుమతి ఎందుకు కావాలో, ముఖం కాలిన మనిషి ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగితే వారికి ఏమవుతుందో మొదటి పూటలోనే చెప్పండి.

జవాబు 4: ప్రొఫెసర్, జనరల్ సర్జరీ

పై జవాబులతో నాకు చాలావరకు ఏకీభావమే. రెండు చోట్ల మాత్రం వేరుగా ఆలోచిస్తాను.

థియేటరును పూర్తిగా వదిలేయవద్దు. ప్రతి బృందానికీ ఒక స్కిన్ గ్రాఫ్టు రోగిని అప్పగించండి: ముందురోజు గాయాన్ని చూడాలి, ఆపరేషన్‌లో తొడ నుంచి పలుచని పొర తీయడం చూడాలి, ఐదో రోజున మొదటి డ్రెస్సింగ్ విప్పేటప్పుడు అక్కడే ఉండాలి. పోస్టింగు ముగిసిపోయినా ఆ ఒక్క గంటకు రమ్మనండి. గ్రాఫ్టు అతకడం గురించి పెద్దాయన చెప్పినదంతా అతికిన చర్మపు గులాబీ రంగులో కళ్లకు కనిపిస్తుంది. మీ సహోద్యోగి భయపడినట్లు శాఖ మీద ఆసక్తి తగ్గదు. ఈ శాఖలోకి వెళ్లిన మా విద్యార్థుల్లో ఎక్కువమందిని ఆకర్షించింది ఇలాంటి అనుభవమే.

సౌందర్య శస్త్రచికిత్సలను కూడా తోసిపుచ్చవద్దు. ఆపరేషన్ ఎలా చేస్తారో చెప్పనక్కర్లేదు, కాని రేపు ఊళ్లో కుటుంబ వైద్యుడిగా ఉన్నప్పుడు వీటి గురించి సలహా అడిగేవారు తప్పక వస్తారు. యూట్యూబ్ వంటి వేదికల్లో చూసి నేర్చుకోవడం జుట్టు మార్పిడి చేయడానికి తగిన శిక్షణ కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లో మార్గదర్శకాల్లో ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చిందంటే పరిస్థితి అర్థమవుతుంది. ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఏ అర్హత చూడాలి, ఏ ప్రమాదాలు అడిగి తెలుసుకోవాలి అన్నంతవరకు ఒక అరగంట కేటాయించండి.

ఇక పరీక్ష. ప్రాక్టికల్స్‌లో అడగని విషయాన్ని విద్యార్థి ఎంత బాగా విన్నా నిలుపుకోడు. మా ఇంటర్నల్ పరీక్షల్లో ఓస్కీ స్టేషన్లు (ఒక్కో చోట ఒక్కో పని చేయించి నైపుణ్యాన్ని పరీక్షించే పద్ధతి) పెడుతున్నాము. వాటిలో రెండు మీరు తీసుకోండి: కాలిన గాయం బొమ్మ ఇచ్చి శాతం, గంటకు ద్రవం లెక్క కట్టించడం ఒకటి, నర్సింగ్ విద్యార్థిని రోగిగా కూర్చోబెట్టి చేతి టెండన్ల పరీక్ష చేయించడం ఒకటి. మీ విభాగాధిపతి ద్వారా మా విభాగానికి ఒక లేఖ పంపితే సరిపోతుంది.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. మొదటి పూట కాలిన గాయాల లెక్క, రెండో పూట వార్డులో భంగిమలు, స్ప్లింట్లు, మూడో పూట డ్రెస్సింగ్ గదిలో చేతి పరీక్ష, మేక కాళ్ల మీద కుట్లు, నాలుగో పూట ఉగ్గుగిన్నె, తెగిన వేలిని కట్టే పద్ధతి, రిఫరల్ చీటీ రాయడం అని అనుకుంటున్నాను. గ్రాఫ్టు రోగిని మొదటి పూటనే అప్పగిస్తాను. సౌందర్య చికిత్సల అరగంటను ఎక్కడ ఇమడ్చాలో ఇంకా తేలలేదు. పీహెచ్‌సీ మేడమ్ గారిని ఒకటి అడగాలి: రిఫరల్ చీటీలో ఏమేమి తప్పనిసరిగా ఉండాలని విద్యార్థులకు చెప్పమంటారు? మాకు వచ్చే చీటీల్లో ఎక్కువభాగం ‘బర్న్స్, ఉన్నత చికిత్స నిమిత్తం’ అన్న ఒక్క పంక్తితోనే ఉంటున్నాయి.

జవాబు 2 రాసిన మెడికల్ ఆఫీసర్

సార్, 108 వాహనం వాకిట్లో నిలబడి ఉండగా రాసే చీటీ అది. పెద్ద ఫారం ఇస్తే ఎవరూ నింపరు. కాలిన సమయం, మా దగ్గరికి వచ్చిన సమయం, బరువు, శాతం, ఎక్కించిన ద్రవం, వచ్చిన మూత్రం, టెటనస్ ఇంజెక్షన్ వేశామా లేదా, మెడికో లీగల్ కేసుగా నమోదు చేశామా లేదా, ఇవి చాలు. కాలిన సమయాన్ని అన్నిటికంటే పైన రాయమనండి, ఎందుకంటే దారిలో మరో ఆసుపత్రిలో ఆగితే అక్కడివాళ్లు వాళ్ల దగ్గరికి వచ్చిన సమయం నుంచే లెక్క మళ్లీ మొదలుపెడుతున్నారు. మీ వార్డు డ్యూటీ డాక్టరు ఫోన్ నంబరు ఒకటి మా కేంద్రాలన్నిటికీ పంపించగలిగితే, బయలుదేరేముందు ఈ వివరాలు మేమే చెబుతాము.